పల్లెకు అతిథులొస్తే: మీ ప్రశ్నలు, మా జవాబులు

పొలం చూపించి, ఇంటి భోజనం పెట్టి నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చా అని అడుగుతూ వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. రిసార్టు కట్టాలనుకునేవాళ్లకు ఈ పేజీ అంతగా పనికిరాదు.

ప్రశ్న: మాది కోనసీమలో ఒక పల్లె. తాతల నాటి మండువా ఇల్లు. పిల్లలు అమెరికాలో ఒకరు, బెంగళూరులో ఒకరు. మూడు గదులు ఖాళీగా ఉంటున్నాయి. హోమ్‌స్టే పెడదామని ఉంది. ముందు దేని మీద డబ్బు పెట్టాలి? (ఒక గృహిణి, అంబాజీపేట దగ్గర)

మరుగుదొడ్డి మీద. ఆ తరవాత నీళ్ల మీద, పరుపుల మీద. రంగులు, బోర్డు, ఉయ్యాల బల్ల చివర్లో చూసుకోవచ్చు. మండువా లోగిలి చూసి మురిసిపోయి వచ్చినవాళ్లు కూడా తెల్లారి ఫ్లష్ పనిచేయకపోతే మధ్యాహ్నానికి సర్దుకుని వెళ్లిపోతారు.

పదిమందికి సరిపడే సెప్టిక్ ట్యాంకు లోపలి కొలతలు 2 మీటర్ల పొడవు, 0.9 మీటరు వెడల్పు, నీటి లోతు 1.4 మీటర్లు. పైన ఇంకో 30 సెంటీమీటర్లు ఖాళీ వదలాలి. ఇలా కడితే రెండేళ్లకోసారి తీయిస్తే చాలు. కోనసీమలో అసలు చిక్కు ట్యాంకుతో రాదు, దానిలోంచి బయటికొచ్చే నీటితో వస్తుంది. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లు తగిలే నేలలో ఇంకుడు గుంత తీస్తే అది గుంత కాదు, బావి. మామూలు రోజుల్లో ఇంట్లో ఇద్దరే కాబట్టి తెలియదు. ఆగస్టులో ఆరుగురు అతిథులు దిగిన రోజున ఫ్లష్ నొక్కితే నీళ్లు కిందికి పోవు, బుడబుడమంటూ పైకి లేస్తాయి. మేస్త్రీ వచ్చి పైపు జామైందంటాడు. పైపు బాగానే ఉంటుంది, నీళ్లు పోవడానికే చోటు ఉండదు.

దీనికి మందు నేల మట్టం కన్నా రెండు మూడడుగుల ఎత్తున ఇసుక, కంకర పరిచిన దిబ్బ. ట్యాంకు నీళ్లు అందులోకి వెళ్లి మెల్లగా ఇంకుతాయి. దిబ్బ మీద మెట్టతామర, అంచుల్లో అరటి వేస్తే కొంత నీరు అవే తాగేస్తాయి. నీళ్లు వాటంతటవే దిబ్బ దాకా పారాలంటే బాత్‌రూం పునాది ముందే ఎత్తుగా లేపుకోవాలి. అలా కుదరకపోతే చిన్న పంపు పెట్టాలి. తాగునీటి బావికి, దీనికి కనీసం 18 మీటర్ల దూరం ఉండాలి. ఊళ్లో చాలామంది చేసినట్టు పైపు తీసి పంట కాలువలో పెట్టకండి. మీ అతిథి పొద్దున్నే ఆ కాలువ గట్టు మీదే నడకకు వెళతాడు.

నీళ్ల లెక్క సులువు. మనిషికి రోజుకు 135 లీటర్లు. ఎనిమిది మందికి 1,080 లీటర్లు. కరెంటు పోయి మోటారు ఆగినా ఒక రోజు గడవాలి కాబట్టి 2,000 లీటర్ల ట్యాంకు పెట్టండి. వాడకానికి బావి నీళ్లు పట్టేటట్లయితే 1,000 లీటర్లకు మంచి బ్లీచింగ్ పౌడరు 2.5 గ్రాములు ముందుగా ఒక మగ్గులో కలిపి, పైకి తేరిన నీళ్లు మాత్రం ట్యాంకులో పోసి, గంట ఆగి వాడండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో ఘాటు పోతుంది. అది వేసినా వేయనట్టే. తాగడానికి మాత్రం క్యాను నీళ్లో, ఫిల్టరు నీళ్లో పెట్టండి. మీ ఇంటి నీళ్లు మీకు పడతాయి, కొత్తవాళ్లకు పడకపోవచ్చు.

మంచానికి మూడు జతల దుప్పట్లు: ఒకటి పరుపు మీద, ఒకటి ఉతుకులో, ఒకటి బీరువాలో. తెల్లవి కొనకండి. బోరు నీళ్లలో ఇనుము ఉంటే నాలుగు ఉతుకులకు పసుపుపచ్చగా మారిపోయి, ఉతికినవి కూడా మురికిగా కనిపిస్తాయి. లేత రంగు చేనేత దుప్పట్లు బాగుంటాయి. మండువాలో వాన నీళ్లు బయటికి పోయే తూము ఇన్నాళ్లుగా ఆకులతో పూడిపోయి ఉంటుంది, ముందుగా అది తీయించండి. గదుల కిటికీలకు దోమల జాలీ తప్పనిసరి.

ఇంకొకటి. కొబ్బరిచెట్ల కింద మంచాలు వేసి ఫొటోలు తీస్తే చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. ఎండుకాయ, మట్ట ఎప్పుడు పడుతుందో చెట్టుకే తెలియాలి. 45 రోజులకోసారి దింపు తీయించే చెట్ల కింద కూడా మంచాలు, కార్లు పెట్టనివ్వకండి.

వంట సంగతి. ఆ రోజు ఇంట్లో ఏం వండుకుంటారో అదే పెట్టండి, ఒక కూర ఎక్కువ చేయండి. పన్నెండు రకాలు పెడితే ఆరు పారబోస్తారు, మీ నడుము పోతుంది. బోర్డు మీద పులస పేరు మాత్రం రాయకండి. గోదావరికి ఎర్రనీరు వచ్చిన కొద్ది వారాల్లో, అదీ దొరికితే దొరికే చేప అది. దాని కోసం వచ్చినవాడికి ఇంకేం పెట్టినా తృప్తి ఉండదు.

కాగితాల పని: కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపు ఒకటి నుంచి ఆరు గదుల వరకు, మొత్తం 12 పడకల లోపు ఉన్న ఇళ్లకు ఇస్తారు. యజమాని ఆ ఇంట్లోనే ఉండాలి. భోజనం పెడుతున్నారు కాబట్టి ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. దగ్గర నమోదు కావాలి. చిన్న టర్నోవరుకు పెద్ద లైసెన్సు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ చాలు. 14 అంకెల నంబరు వస్తుంది. అతిథుల రిజిస్టరు, గుర్తింపు కార్డు నకళ్లు ఉంచుకోండి. విదేశీ పాస్‌పోర్టు ఉన్నవాళ్లు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్లో విదేశీ అతిథి వివరాల ఫారం (2025 దాకా ఫారం-సి అనేవారు) నింపాలి. అచ్చ తెలుగులో మాట్లాడే మన ఊరి పిల్లాడే అయినా సరే, చేతిలో అమెరికా పాస్‌పోర్టు ఉంటే ఫారం నింపాల్సిందే. చాలామంది ఇక్కడే మరిచిపోతారు.

ప్రశ్న: మాకు అనంతగిరి కొండల దగ్గర మూడెకరాలుంది. పది లక్షలు అప్పు తెచ్చి నాలుగు కాటేజీలు కడదామనుకుంటున్నా. గిట్టుబాటవుతుందా? (ఒక రైతు, వికారాబాద్ జిల్లా)

కాగితం మీద లెక్క వేద్దాం. 11 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే పది లక్షలకు నెల వాయిదా సుమారు 17,100 రూపాయలు. హైదరాబాద్ జనం మీ దగ్గరికి వచ్చేది శని, ఆదివారాలే. నాలుగు గదులు, వారానికి రెండు రాత్రులు, నెలకు నాలుగు వారాలు: అన్నీ నిండితే 32 గది-రాత్రులు. అన్నీ నిండవు. సగం అనుకుందాం, 16.

గది 2,000 రూపాయలకు ఇచ్చారనుకోండి. ఇద్దరికి టిఫిను 200, ఉతుకుడు 150, శుభ్రం చేసే మనిషి, కరెంటు కలిపి 350, బుకింగ్ యాప్ వాళ్ల వాటా 20 శాతం చొప్పున 400. మిగిలేది 900. పదహారు రాత్రులకు 14,400. వాయిదాకే చాలదు. ఇందులో మీ ఇంటి మనుషుల కూలి ఇంకా కలపలేదు.

ఇప్పుడు రెండో లెక్క. ఉన్న ఇంట్లో రెండు గదులు మూడు లక్షలతో బాగు చేయించారు. వాయిదా సుమారు 5,100. సగమే నిండినా ఎనిమిది రాత్రులకు 7,200 మిగులుతుంది. దీనికి తోడు పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లను తీసుకోండి. మనిషికి 500 తీసుకుని జొన్న రొట్టె, నాటుకోడి, పప్పు పెట్టి పొలం తిప్పితే ఖర్చు 250 దాటదు. ఆదివారం ఇరవై మంది వస్తే 5,000. వాళ్లకు గది అక్కర్లేదు, దుప్పటి ఉతకక్కర్లేదు. కావాల్సింది నీడ, రెండు మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే కుళాయిలు. మన దగ్గర పొలం పర్యాటకంలో డబ్బు ఎక్కువగా ఇలా పగటిపూటే వస్తుంది. జనం మాత్రం కాటేజీలతోనే మొదలుపెడతారు.

అప్పు తప్పదనుకుంటే ముద్ర రుణాలు హోమ్‌స్టేలకూ ఇస్తామని 2025 కేంద్ర బడ్జెట్లో ప్రకటించారు. అందులో శిశు అనే రకం కింద 50 వేల వరకు, కిశోర్ అనే రకం కింద 5 లక్షల వరకు వస్తుంది. కిశోర్ దాటి వెళ్లకండి. వ్యవసాయ భూమిలో కాంక్రీటు పునాదితో ఏది కట్టాలన్నా ముందు తహసీల్దారు కార్యాలయంలో భూ వినియోగ మార్పిడి సంగతి, పంచాయతీలో అనుమతి సంగతి కనుక్కోండి. కట్టాక కనుక్కుంటే రేటు వేరేగా ఉంటుంది.

ప్రశ్న: నాట్ల సమయంలో అతిథుల చేత నాట్లు వేయిస్తే సరదాగా ఉంటుందని కొందరు చెప్పారు. పంట పాడవదా? (ఒక కౌలు రైతు, పశ్చిమ గోదావరి)

పాడవుతుంది, మొత్తం పొలంలోకి దింపితే. ఒక్క సెంటు విడిగా గట్టు వేసి ఇవ్వండి. సెంటంటే 40 చదరపు మీటర్లు. వరసకూ వరసకూ 20, కుదురుకూ కుదురుకూ 15 సెంటీమీటర్లు పెడితే చదరపు మీటరుకు 33 కుదుళ్లు, సెంటుకు 1,300 పైచిలుకు. పదిమంది కొత్తవాళ్లకు అది చాలా ఎక్కువ, సగం మీరే వేయాల్సి వస్తుంది.

వాళ్లు చేసే తప్పులు రెండు. మన ఆడవాళ్లు నారుని మూడు వేళ్ల మధ్య పట్టుకుని, బొటనవేలితో దాని వేర్లను అలా బురదలోకి జార్చి వదిలేస్తారు, రెండు మూడు సెంటీమీటర్ల లోతున. పట్నం మనిషి మొక్క పడిపోతుందేమోనని పిడికిలితో పట్టి లోతుగా పొడుస్తాడు. అయిదారు సెంటీమీటర్ల లోతుకు పోయిన నారు చావదు గానీ పిలకలు ఆలస్యంగా, తక్కువగా వేస్తుంది. రెండో తప్పు, వేసినచోటే కాలు పెట్టడం. అడుగు గుంటలో పడ్డ మొక్క సాయంత్రానికి తేలిపోతుంది. అందుకని 20 సెంటీమీటర్లకో ముడి వేసిన తాడు అడ్డంగా కట్టి, వెనక్కి నడుస్తూ వేయమనండి. కుదురుకు రెండు మూడు మొక్కలు మించనివ్వకండి. గట్టు పక్కన ఒక కట్ట నారు మిగిల్చుకుని వారం పది రోజుల్లో ఖాళీలు పూడ్చుకోండి.

కాలికి పుండు, కోత ఉన్నవాళ్లను బురదలోకి దించకండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల వల్ల లెప్టోస్పైరోసిస్ జ్వరం వస్తుంది. పాత బట్టలు తెచ్చుకోమని ముందే చెప్పాలి, ఆ మరక వదలదు. ఇక మీ కూలీలు. ఫొటోల కోసం వాళ్లను గంటసేపు నిలబెడితే ఆ గంట కూలి మీరివ్వాలి. అడక్కుండా వాళ్ల ఫొటోలు తీయొద్దని అతిథికి ముందే చెప్పాలి. వంగి నాట్లు వేసే మనిషి బొమ్మ కాదు.

సార్వా నాట్లు జులై, ఆగస్టుల్లో, దాళ్వా నాట్లు డిసెంబరు, జనవరిల్లో. మధ్యలో చూపించడానికి నాట్లు ఉండవు కాబట్టి ఏ నెలలో పొలంలో ఏముంటుందో ఒక కాగితం రాసి బుకింగ్‌కు ముందే పంపండి. పొలం వట్టిగా ఉన్న నెలలో వచ్చి తిట్టుకుంటూ పోవడం చాలాచోట్ల జరిగేదే.

ప్రశ్న: మాది చింతపల్లి మండలం, గిరిజన కుటుంబం. విశాఖ నుంచి ఒకాయన మా పొలంలో టెంట్లు వేస్తానని, పదేళ్లకు లీజు రాసివ్వమని అడుగుతున్నాడు. స్టాంపు పేపరు కూడా తెచ్చాడు. (ఒక యువకుడు)

సంతకం పెట్టకండి. మీది షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 చట్టం కింద గిరిజనేతరుడికి అక్కడ భూమి అమ్మకమే కాదు, లీజూ, తాకట్టూ చెల్లవు. అది వందరూపాయల స్టాంపు మీద రాసినా, నోటరీ చేసినా అంతే. ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంత భూమిని గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పటికే రాసిచ్చి ఉంటే సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐ.టి.డి.ఎ.)కు వెళ్లి గిరిజన సంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు దగ్గర అర్జీ పెట్టండి.

ఆ విశాఖ ఆయన దగ్గర నిజంగా పనికొచ్చేది ఏదైనా ఉంటే అది బుకింగులు తెచ్చే నేర్పు. దానికి గుడారానికి ఇంతని వాటా ఇవ్వండి. భూమి మీది, టెంట్లు మీవి, డబ్బు ముందు మీ ఖాతాలో పడాలి. గిరిజన గ్రామాల హోమ్‌స్టేలకు కేంద్రం స్వదేశ్ దర్శన్ అనే పర్యాటక పథకం కింద కొత్తగా కట్టేందుకు 5 లక్షల వరకు, ఉన్నవి బాగుచేసేందుకు 3 లక్షల వరకు సాయం పెట్టింది. ఐ.టి.డి.ఎ.లో అదీ అడగండి.

మీ మండలంలోని లంబసింగికి జనం వచ్చేది డిసెంబరు, జనవరిల్లో. చెరువులవేనం కొండ మీద మంచు చూడ్డానికి తెల్లవారుజామున నాలుగింటికే కార్లు దిగుతాయి. ఆ వేళ వాళ్లకు అన్నిటికన్నా ముందు కావాల్సింది శుభ్రమైన మరుగుదొడ్డి, వేడినీళ్లు, టీ. టెంట్ల కన్నా అది ముందు పెట్టండి, పెట్టుబడి తక్కువ. రాగిజావ, ఉడికించిన చిలగడదుంప అమ్ముడుపోతాయి. స్ట్రాబెర్రీ తోట ఉంటే తెంపుకోనిచ్చి తూకం వేసి అమ్మండి, లోపలికి వచ్చేందుకు తీసుకున్న రుసుము కొన్న పండ్లలో తగ్గించండి. ఊరికే వదిలితే సగం పచ్చికాయలు తెంపి గట్టు మీద పారేస్తారు.

టెంటులోకి నిప్పుల కుంపటి తీసుకెళ్లనివ్వకండి. చలికి జిప్పు మూసి పడుకుంటే బొగ్గు విషవాయువుకి నిద్రలోనే ప్రాణం పోతుంది. వాసన రాదు, మెలకువ రాదు. కంబళ్లు ఎక్కువ ఇవ్వండి.

ప్రశ్న: పోచంపల్లికి పేరొచ్చాక మా పక్క ఊరికీ జనం వస్తున్నారు. ఇంట్లోకి వచ్చి మగ్గం దగ్గర ఫొటోలు దిగి పోతున్నారు. మాకేమీ మిగలట్లేదు, పని ఆగుతోంది. (ఒక నేత కార్మికుడు, యాదాద్రి భువనగిరి జిల్లా)

పోచంపల్లిని ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ 2021లో ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచింది. ఆ పేరు ఊరికి వచ్చింది, మీ ఇంటికి ఆదాయం రావాలంటే చూడ్డానికి ధర పెట్టాలి. మొహమాటం వద్దు. ఇల్లు మ్యూజియం కాదు.

రోజుకు రెండే వేళలు పెట్టండి, పొద్దున పదకొండు, సాయంత్రం నాలుగు. ఒక్కో జట్టులో ఎనిమిది మంది దాటకుండా, 45 నిమిషాలు. మనిషికి 200 అనుకుంటే 120 ఆ రోజు చూపించిన ఇంటికి, 30 వెంట తిప్పిన కుర్రాడికి, 50 ఉమ్మడి డబ్బాలోకి. ఇళ్లు వంతులవారీగా మారాలి, లేకపోతే రోడ్డు మీదున్న రెండిళ్లే బాగుపడతాయి.

చూపించడానికి మగ్గం ఒక్కటే కాదు. ఆసు దగ్గర, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పి పోసేచోట, కూర్చోబెట్టండి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ తిరగాలని నోటితో చెబితే ఎవరికీ ఎక్కదు. చేత్తో యాభై సార్లు తిప్పమనండి, భుజం పట్టుకుని వాళ్లే ఆపుతారు. ఆ శ్రమ తగ్గించే ఆసు యంత్రం చేసినందుకే చింతకింది మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చిందని అప్పుడు చెప్పండి. ఆ తరవాత చీర ధర చెబితే బేరం ఆడరు. నూలు పోగుల్ని అక్కడక్కడ రంగు అంటకుండా సైకిల్ ట్యూబు రబ్బరుతో కట్టే పని కూడా చిన్న కట్ట మీద చేయనివ్వొచ్చు. రంగు కడాయి దగ్గరికి మాత్రం వద్దు, కాస్టిక్ సోడా చిందితే చర్మం కాలుతుంది. చీరకు కట్టే చీటీ మీద ఎన్ని రోజుల పనో రాయండి.

గైడులు కొన్ని షాపుల దగ్గర కమీషను మాట్లాడుకుని జనాన్ని నేరుగా అక్కడికే తీసుకుపోతారు. దానికి విరుగుడు, మీ ఊరి చివర బస్సు ఆగేచోట వేళలు, ధర రాసిన బోర్డు.

ప్రశ్న: ఒక బడి వాళ్లు 60 మంది పిల్లల్ని పొలానికి తీసుకొస్తామంటున్నారు. ఏం చూసుకోవాలి? (ఒక రైతు, గుంటూరు జిల్లా)

ముందు పొలం చుట్టూ పిల్లాడి ఎత్తున నడిచి చూడండి. ఒర లేని బావి, తలుపు లేని మోటారు స్టార్టరు పెట్టె, కిందికి వేలాడే సర్వీసు వైరు, పందుల కోసం కట్టిన కరెంటు తీగ, పొడిచే గేదె. వీటిలో ఒక్కటున్నా ఆ పక్కకు తాడు కట్టి మనిషిని పెట్టండి. మందు కొట్టిన పొలంలోకి, కోతకు ముందు ఆగాల్సిన రోజులు పూర్తయ్యేదాకా పిల్లల్ని రానివ్వకండి. ఆ రోజులు డబ్బా లేబులు మీద ఉంటాయి. జామకాయ కనిపిస్తే కడగకుండానే కొరుకుతారు. ఖాళీ మందు డబ్బాలు కంటపడకూడదు.

అరవై మందిని ఒక్కచోట పెట్టి ఉపన్యాసం ఇస్తే ఎవరూ వినరు. పదిహేనేసి మందితో నాలుగు జట్లు చేసి ఒక్కోచోట 25 నిమిషాలు ఉంచండి: పాలు పితకడం, విత్తనం నాటడం, మిరప కల్లం, ఎడ్లబండి. ప్రతి జట్టుకూ ఒక టీచరు. మరుగుదొడ్లు కనీసం మూడు, ఆడపిల్లలకు విడిగా.

పాము కాటుకు మందు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో ముందు రోజే ఫోను చేసి కనుక్కోండి. కాటు పడితే కోయకూడదు, బిగించి కట్టకూడదు. కదలనివ్వకుండా పడుకోబెట్టి 108కి ఫోను.

ప్రశ్న: మాకు ఇరవై తాటిచెట్లున్నాయి. అతిథులకు కల్లు పోయొచ్చా? (నల్లగొండ జిల్లా)

చెట్టు మీ సొంతమైనా గీత, అమ్మకం ఆబ్కారీ లైసెన్సు ఉన్న గీత కార్మికుడి హక్కు. ఊళ్లో గీత సంఘంతో మాట్లాడుకుని, వాళ్లే గీసి వాళ్లే అమ్మేటట్టు పెట్టుకోండి. మీరు చెట్టెక్కడం చూపించండి, మోకు కట్టుకోవడం చూపించండి. నీరా (పులవని తాజా రసం) కావాలన్నవాళ్లను సూర్యోదయానికి ముందే లేపాలి. పులవకుండా సున్నం పూసిన కుండలో దించినా, ఎండ తగిలాక నీరా మెల్లగా నురగ కడుతుంది. పులిశాక అది నీరా కాదు, కల్లే.